రేచుకుక్క కోసం మొక్కిన గొంతు

ఆ ఆదివారం మధ్యాహ్నం నుంచే నర్సీపట్నానికి ముసురు పట్టింది. నూకరత్నం టైలరింగ్ షాపు పైగదిలో తేజ, వాసు, శ్రీదుర్గ జంతువుల పోరాట ఆట బోర్డు చుట్టూ కూర్చున్నారు. కింద కుట్టుమిషను చప్పుడు, దాన్ని మించి నూకరత్నం మాటలు. ఆమె నోరు ఆగితే షాపు కట్టేసినట్టేనని బజారంతా నవ్వుకుంటుంది. తల్లి పోయాక తమ్ముడు ధర్మతేజను పెంచింది ఆ గొంతే.

ఆట నడిపేది శ్రీదుర్గ. బరిలో ఏం జరుగుతోందో ఆమె చెబుతుంది, పాచికలు గెలుపోటములు తేలుస్తాయి. వాసుది నిప్పులు కక్కే ఎలుగుబంటి. తేజది పొగలోంచి నడిచే రేచుకుక్క. ఏటికొప్పాకలో చెప్పి చేయించుకున్న లక్కబొమ్మ.

దాన్ని ఓటమి ఎరగనిదిగా తయారు చేయాలని తేజ పట్టు. చూపు తగ్గించి వాసన పసిగట్టే శక్తి పెంచాడు. బరువు తీసేసి వేగం కలిపాడు. ఇక మిగిలింది మొక్కు. శ్రీదుర్గ సొంతంగా పెట్టిన నియమం అది. బరి అమ్మవారికి ఏదైనా మొక్కితే జంతువుకు బలం వస్తుంది, గెలిస్తే ఆ మొక్కు చెల్లించాలి. ఎంత ప్రియమైనది మొక్కితే అంత బలం.

వాసు ఆటలో తను గెలుచుకున్న కత్తిని మొక్కాడు.

"మా అప్ప గొంతు," అన్నాడు తేజ, కింద అక్క మాటలు వింటూ.

శ్రీదుర్గ చెయ్యి ఆగింది. "మొక్కుల్తో ఎటకారాలేట్రా?"

"ఎటకారం కాదే, లెక్క. అప్ప గొంతు ఆటలో నేదు కదా, గెలిచినా తీర్చక్కర్నేదు. బలం మాత్రం వచ్చేస్తాది."

"అతితెలివి సూడు," అని వాసు నవ్వాడు. "మీ అప్పకి తెలిస్తే నీ గొంతు పిసికేస్తాది."

కరెంటు పోయింది. కొవ్వొత్తి వెలిగించారు. వేడికి లక్క వాసన లేచింది. దాని అడుగున మరేదో వాసన... తడిసిన బొచ్చు వాసన.

తేజ పాచికలు వేశాడు. రేచుకుక్క ఎలుగు తొడ చీల్చింది. కింద నూకరత్నం దగ్గింది.

మళ్లీ వేశాడు. ఇంకో గాయం. కింద మాట మధ్యలో తెగింది. "ఏటోనమ్మా, గొంతు పట్టేసినట్టుంది," అంటోంది ఎవరితోనో. బొంగురుపోయిన గొంతు.

తేజ పాచికలు కింద పెట్టేశాడు.

"నాను ఒగ్గేస్తన్నాను."

"మొక్కినోడు బరి ఒగ్గేసి పోకూడదు," అంది శ్రీదుర్గ.

"ఆ రూలెప్పుడు పెట్టేవే?"

ఆమె పెదాలు తడుపుకుంది. "నాను... పెట్టనేదు. ఎలాగొచ్చిందో నోటికి..."

ఓడిపోవాలి. అదొక్కటే దారి. తేజ కుక్క వీపును ఎలుగువైపు తిప్పాడు. వాసు కొట్టాడు. వేగం కాపాడింది. పొగలో దాక్కునే మాయ తీసేశాడు. వాసన కాపాడింది. తన పాచికల్లో అన్నిటికంటే చిన్న అంకె పడింది. మొక్కు బలంతో అదే సరిపోయింది. ఎక్కడైనా కంత దొరుకుతుందేమోనని వెతికాడు. అన్నీ తనే ముందే పూడ్చేశాడు.

"సరిగ్గా కొట్రా, వాసూ..." గుసగుసగా బతిమాలాడు.

వాసు బలంకొద్దీ విసిరాడు. పాచికలు దొర్లాయి.

ఎదురుదెబ్బకు ఎలుగే కూలింది.

కింద మిషను ఆగింది. మాటా ఆగింది. రేకుల మీద వాన ఒక్కటే...



"ఒరే తేజా," కింది నుంచి పిలుపు. నూకరత్నం గొంతే. బొంగురు లేదు, దగ్గు లేదు. "బేగి రా."

తేజకు ఊపిరి అందింది. వాసు పిచ్చిగా నవ్వాడు. "బతికేవురా నాయినా!"

తేజ కొవ్వొత్తి పట్టుకుని తలుపు తీశాడు.

పై మెట్టు మీద నూకరత్నం నిలబడి ఉంది. రెండు చేతులతో గొంతు పట్టుకుంది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. నోరు తెరిచింది. చప్పుడు రాలేదు. గబుక్కున తమ్ముడి మణికట్టు పట్టుకుని, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

ఆమె వెనక, మెట్ల కింద చీకట్లో, సిమెంటు మీద గోళ్ల చప్పుడు... ఒక్కో మెట్టూ...

"తేజా... అప్పనిరా. కిందికి రా, నాన్నా."