ప్రమిద గుర్తు

మధ్యాహ్నం నుంచీ మాధవి కళ్లు లాగేస్తున్నాయి. హుకుంపేట దాటాక కొండవాలున కడుతున్న రిసార్టులో రేకుల షెడ్డే ఆమె ఆఫీసు. కరెంటు ఇంకా రాలేదు, లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది. ప్లానులో ప్రతి లైటుకీ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన గుర్తు తీసేసి, కంపెనీ గుర్తు పెట్టాలి. సీలింగు లైటుకి సున్నాలో అడ్డగీతలు, గోడ లైటుకి సగం సున్నా. చూడ్డానికి చిన్న పనే, ప్రాణం తోడేస్తుంది. ఇది ముగిస్తే సాయంత్రం బస్సెక్కి విశాఖ చేరొచ్చు. జ్వరంతో అమ్మమ్మ దగ్గరున్న కూతురు సుమ పక్కన ఈ ఒక్క రాత్రైనా పడుకోవచ్చు.

ఈ పనిలో ఒక సుఖముంది. గుర్తు ఒక్కచోట మార్చి సేవ్ చేస్తే చాలు, అది వాడిన డ్రాయింగులన్నిట్లోనూ దానంతటదే మారిపోతుంది. సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి మాధవి ఎప్పుడూ విశాఖలోని తన ఫ్లాట్ ప్లానే పక్కన తెరిచి పెట్టుకుంటుంది. అందులో గోడ లైటు ఒక్కటే, సుమ మంచం తలవైపు.

సైటుకి కాపలా ఉండే గంగ టీ తెచ్చింది. ఆమె తమ్ముడు సోంబరు పునాది తవ్వుతుంటే మట్టిపెళ్ల విరిగిపడి ఇక్కడే పోయాడు. ఆ చోట గంగ రోజూ ఈ కొండల్లో పండే వలిసెల నూనెతో దీపం పెడుతుంది. అక్కడ లైటు స్తంభం పాతేస్తారేమోనని ఆమె బెంగ. ఆ దీపాన్ని ప్లానులో చూపిస్తాను, ఇక ఎవరూ ముట్టుకోరని మాధవి మాటిచ్చింది. పాపం అనిపించింది మరి.

"బైటే ఎట్టండి మేడమ్," అంది గంగ గొంతు తగ్గించి. "గదుల్లో ఎట్టకూడదు. దీపమెక్కడుంటే మా తమ్ముడక్కడికొచ్చి కూకుంటాడు."

మాధవి సరేనంది. గోడ లైటు గుర్తు తెరిచి, సగం సున్నా చెరిపేసి, చిన్న ప్రమిద గీసింది. దాన్ని కొత్త పేరుతో సేవ్ చేయాలి. నిద్రమత్తులో పాత పేరుతోనే సేవ్ చేసేసింది. గంగ ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది.

పొద్దు వాలకముందే కొండమీంచి మంచు దిగింది. రేకుల మీంచి నీటి చుక్కలు పడుతున్న చప్పుడు. అదీ ఆగిపోయింది. ఆ తర్వాత వాసన... వలిసెనూనె కాలుతున్న వాసన, దాని వెనకే తడిమట్టి వాసన.

మాధవి తలెత్తింది. ఎదురుగా తలుపులైనా బిగించని గదులు. ప్రతి గదిలోనూ గోడ మీద చిన్న మంట.

వైరు కూడా లాగని గోడలవి.

స్క్రీన్ వంక చూసింది. గోడ లైట్లన్నీ ప్రమిదలైపోయి ఉన్నాయి. తను చేసిన పొరపాటు అప్పుడు తెలిసింది. ఎదురు గదుల్లో ఎవరో తిరుగుతున్నారు... ఒక్కో గదే చూసుకుంటూ. అడుగు పడినప్పుడల్లా మట్టి రాలుతోంది. చివరి గది దాకా వెళ్లి ఆ అడుగులు ఆగాయి. మళ్లీ వినపడలేదు.

ఫోన్ మోగింది. సుమ.

"అమ్మా... గోడ లైటు కింద ఎవరో మామయ్య కూర్చున్నాడు. ఒళ్లంతా మట్టి. అమ్మమ్మకి కనపడట్లేదంట."

మాధవి చూపు పక్కనున్న తన ఇంటి ప్లాను మీద పడింది. సుమ మంచం తలవైపు... ప్రమిద.

గోడ లైటు గుర్తు మళ్లీ తెరిచింది. ప్రమిద చెరిపింది. సగం సున్నా గీసింది. సేవ్ చేసింది. ఎదురు గదుల్లో మంటలన్నీ ఒక్కసారే ఆరిపోయాయి. ఇంటి ప్లానులోనూ సగం సున్నా వచ్చేసింది. హమ్మయ్య అనుకునేసరికి ఏడుపొచ్చింది.

"లైటు ఆరిపోయిందమ్మా," అంది సుమ గుసగుసగా.

"పోనీలే తల్లీ. ఆయన వెళ్లిపోయాడు కదూ?"

సుమ అటు తిరిగి ఎవరినో ఏదో అడగడం వినపడింది.

"లేదమ్మా... దీపం లేకుండా ఎలా ఎళ్లాలని అడుగుతున్నాడు."