ఒకేలా వణికిన చుక్కలు

టీ గ్లాసులో వేసిన పటికబెల్లం ఇంకా కరగనేలేదు. ఎదురు కుర్చీలో అమ్మాయి మాత్రం అప్పటికే రెండుసార్లు కళ్లు తుడుచుకుంది.

"నన్ను దొంగంటున్నారు బు రుక్మీ. అదీ, పోయిన గురువుగారి బొమ్మ కాజేశానంట."

ఇండోనేషియాలోని యోగ్యకర్తలో ప్రైవేటు డిటెక్టివ్ అంటే మొగుళ్ల వెనక తిరిగే మనిషేనని జనం నమ్మకం. బు రుక్మి, అంటే రుక్మి అమ్మగారు, ఆ పని ఎన్నడూ చెయ్యలేదు. అబద్ధం చెప్పేవాళ్లను హాయిగా మాట్లాడనిచ్చి, వాళ్ల మాటలతోనే వాళ్లను కట్టెయ్యడం ఆవిడ విద్య. ఆ విద్య చూసే జతి బ్యాంకు ఉద్యోగం వదిలి ఆవిడ దగ్గర చేరాడు. ఇంట్లోవాళ్లు ఇప్పటికీ తిడుతూనే ఉన్నారు.

అమ్మాయి పేరు ప్రతివి. గిరిలోయో ఊళ్లో మైనంతో బాటిక్ అద్దే ఆడవాళ్ల సంఘం కొత్త నమూనా కోసం పోటీ పెడితే, ఆమె కంప్యూటర్లో, బొమ్మలు గీసే ప్రోగ్రాం ఇంక్‌స్కేప్‌లో గీసిన మల్లెతీగ గెలిచింది. ఆ సంఘంలోనే వాళ్లమ్మ బు తుమి మైనం అద్దుతుంది. ఇంతలో, కిందటేడు చనిపోయిన బాటిక్ గురువు, అందరూ గౌరవంగా పాక్ అని పిలిచే సస్త్రో పాత కంప్యూటర్లో అదే తీగ బయటపడింది. ఫైలు మీద మూడేళ్ల కిందటి తేదీ ఉంది. బు తుమి మైనం పొయ్యి ఆర్పేసి, కూతురితో మాట మానేసింది.

"ఎల్లుండి సంఘం కూర్చుంటుంది. నా పేరు కొట్టేస్తారు. అది పోతే పోనీ, అమ్మ నా మొహం చూడట్లేదు," అంది ప్రతివి.

ఇంక్‌స్కేప్ ఉచితం. దాని కోడ్ ఎవరైనా విప్పి చూడొచ్చు, బాగుచెయ్యొచ్చు. ఊళ్లో దాన్ని వాడేవాళ్లంతా ఒక బృందంగా కలుస్తుంటారు. ఆ బృందం కోసం ప్రతివి ఒక చిన్న పనిముట్టు రాసింది. ఆకు గీసి మీట నొక్కితే, చేత్తో పెట్టినట్టు కాస్త వణుకుతూ ఆకు నిండా చుక్కలు పడతాయి. ఈ వానాకాలంలోనే దాన్ని అందరికీ పంచిపెట్టింది. మొదట అందులో ఒక తప్పు దొర్లింది. ఏ ఆకులో పెట్టినా చుక్కల వణుకు ఒకేలా వచ్చేది. బ్రెజిల్‌లో ఎవరో కోడ్ చదివి, తప్పు పట్టుకుని, సరిదిద్ది పంపారు. ప్రతివి తన తీగను ఆ సరిచేసిన దానితోనే గీసింది.

బు రుక్మి టీ పూర్తిగా తాగి లేచింది.

ముందు గురువుగారి మేనల్లుడు హర్యో దగ్గరకు వెళ్లారు. ఫైలు చూసి గోల చేసింది అతనే. అతనూ ఆ బృందంలోవాడే. మావయ్య ప్రతి చుక్కా మౌస్‌తో తనే పెట్టుకునేవాడని, యంత్రం పెట్టిన చుక్కంటే ఆయనకు ఒళ్లు మంటని చెబుతూ ఏడ్చేశాడు. కంప్యూటర్ను మావయ్య పోగానే బృందానికి ఇచ్చేశాడట. బృందం కార్యదర్శి సెనో దాన్ని తన గదిలో పెట్టి, మొన్ననే తిరిగి ఇచ్చాడట.

సెనో మర్యాదస్తుడు. వేయించిన టెంపే సోయా బిళ్లలు పెట్టి, పాపం ప్రతివి చిన్నపిల్ల, ఆశపడిందన్నాడు. పోటీలో రెండో స్థానం తనదేనని అడిగితే ఒప్పుకున్నాడు.

వెళ్లేముందు బు రుక్మి ఇద్దరినీ ఒకే కోరిక కోరింది. తన జాకెట్టు మీదకు ఒక ఆకు గీసి, చుక్కలు నింపి ఇవ్వమంది. ఇద్దరూ ప్రతివి పనిముట్టు తెరిచి, మీట నొక్కి ఇచ్చారు.

"కొత్తది వచ్చిందటగా, మార్చలేదా?" అని ఆవిడ సెనోను అడిగింది.

"పనిచేస్తున్నదాన్ని నేను కెలకను బు," అన్నాడతను.

దారిలో జతి ఉండబట్టలేకపోయాడు. "జాకెట్టు కుట్టించుకునే తీరిక ఇప్పుడే దొరికిందా బు?"

"నోర్మూసుకుని బండి నడుపు," అందావిడ. ఆవిడ పెదవుల మీద నవ్వు చూసి జతికి ధైర్యం వచ్చింది.

సంఘం కూర్చున్న రోజు అద్దకం షెడ్డులో బు రుక్మి తెర దింపించి, గురువుగారి పేరుతో దొరికిన తీగను చూపించింది.

"ఈ చిన్నాకు చుక్కలు తీసి ఆ పెద్దాకు మీద పెట్టు జతీ."

చుక్కలు ఒకదాని మీద ఒకటి అతికినట్టు కూర్చున్నాయి. షెడ్డులో గుసగుసలు మొదలయ్యాయి.

"చేత్తో పెట్టిన చుక్కలు ఇలా కుదరవు. మీకు నేను చెప్పాలా? ఇవి ప్రతివి పనిముట్టు పెట్టినవి. తప్పు దిద్దకముందు దానికి ఈ జబ్బుండేది. ఆ పనిముట్టు పుట్టింది ఈ వానాకాలంలో. పాక్ సస్త్రో పోయింది కిందటేడు. పోయినాయన లేచొచ్చి మీట నొక్కాడా?"

"మరి తేదీ?" అన్నాడు హర్యో.

"కంప్యూటర్లో గడియారం వెనక్కి తిప్పితే అదీ వెనక్కే పోతుంది. నువ్వు కనబడ్డది నమ్మావు నాయనా, నీ తప్పేం లేదు. నువ్విచ్చిన ఆకు వణుకు వేరు." ఆవిడ రెండో ఆకు తెర మీదకు తెప్పించింది. "ఇది సెనో నాకిచ్చింది."

జతి దాన్ని తీగలోని ఆకు మీదకు జరిపాడు. ఈసారీ చుక్కలన్నీ అతికాయి.

"పాతది ఇంకా చాలామంది దగ్గర ఉంటుంది," అన్నాడు సెనో.

"ఉండొచ్చు. గురువుగారి కంప్యూటర్ మాత్రం నీ గదిలోనే ఉంది. ఈ పిల్ల పేరు పోతే గెలిచేదీ నువ్వే. ప్రతివి కోడ్ దాచుకోలేదు సెనో, అందరి ముందూ పరిచింది. ఎక్కడో సముద్రాల అవతలి మనిషి చదివాడు. పక్క వీధిలో ఉండి, ఆమె బొమ్మ చూసి దొంగగా గీసుకున్నావే కానీ, ఆ నాలుగు వరుసలు నువ్వు చదవలేదు. చదివుంటే దొరికేవాడివి కాదు."

సెనో తల వంచుకున్నాడు. హర్యో లేచి ప్రతివికి చేతులు జోడించాడు.

వెనక వరుసలోంచి బు తుమి లేచింది. వెళ్లి పొయ్యి ముట్టించి, గిన్నెలో మైనం వేసింది. కూతురు దగ్గరకు వచ్చి నిలబడింది.

"వాళ్ల మాట విన్నాను. నిన్ను ఒక్కమాట అడగలేదు. తప్పు నాదే తల్లీ," అంది బు తుమి. మైనం కలం తీసి, గుడ్డ మీద కూతురి తీగలో మొదటి ఆకుకు చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. ప్రతివి పక్కనే కూర్చుని గుడ్డ అంచు పట్టుకుంది.