సగమింట్లో విచారణ

అల్లవరం దాటి ఉప్పలగుప్తం వైపు వెళ్ళే దారిలో సగమిల్లు ఉంది చూశారూ... చీకటి పడ్డాక అటు వెళ్ళకండి. నేను చెప్పడం కాదు, ఊరంతా చెబుతోంది.

కొత్త రోడ్డు కోసం ఆ ఇంటి ముందు సగం కొట్టేసి, వెనక సగం తర్వాత చూద్దామని వదిలేశారు. కరెంటు తీసేశారు. మనుషులెవరూ ఉండరు. కానీ రాత్రిళ్ళు లోపల మాటలు... ఒకళ్ళు అడుగుతారు, ఇంకొకళ్ళు జవాబు చెబుతారు.

రొయ్యల చెరువు కాపలాకి పోయే చిన్నబ్బాయి ఆ మాటలు విని సైకిలు వదిలేసి పరిగెత్తాడు. దాన్ని తెచ్చుకోవడానికి మర్నాడు మిట్టమధ్యాహ్నం ఇద్దర్ని తోడు పెట్టుకుని వెళ్ళాడు. నవ్వకండి. నేనైతే సైకిలు మీద ఆశ వదులుకునేవాణ్ణి.

ఇప్పుడు చెప్పేది నాకు ఇందాకే ప్రవీణ్ కుమార్ వచ్చి చెప్పింది. మా మేడ మీద అద్దెకుంటాడు. రోడ్డుకి భూములు సేకరించే ఆఫీసులో సర్వేయరు. కర్నూలు వైపు మనిషి, దెయ్యాలంటే నవ్వేవాడు.

తెల్లవారితే ఆ వెనక సగం పడగొట్టాలి. సాయంత్రం తెలిసింది, అక్కడ హద్దురాయి కనిపించడం లేదని. రాయి లేకపోతే పని ఆగుతుంది, మాట నీకొస్తుంది అన్నారు పైవాళ్ళు. ఇంకో రాయి సంపాదించి, బండికి కట్టుకుని వెళ్ళేసరికి బాగా పొద్దుపోయింది.

బండి ఆపాడు. దూరంగా రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్ల చప్పుడు, అంతే. వంగి రాయి దింపుతున్నాడు...

"ఏమ్మా... నీకేం అభ్యంతరం లేదు గదా?"

రాయి కాలి మీద పడబోయింది. ఆ మాట... అతనిదే. అవే ముక్కలు, అదే కర్నూలు యాస. గొంతు మాత్రం ఆడగొంతు!

రెండేళ్ళ కిందట మా ఊరి సచివాలయంలో భూసేకరణ విచారణ పెట్టినప్పుడు, కాగితం పట్టుకుని ఒక్కొక్కరినీ అతను అడిగిన ప్రశ్న అది. ఇప్పుడు ఖాళీ ఇల్లు దాన్ని తిరిగి అడుగుతోంది.

మళ్ళీ గుసగుసగా— "ఉందండీ... అభ్యంతరం ఉందండీ..."

ఫోను లైటు వేశాడు. కూలిన గోడ అవతల, కొబ్బరిచెట్టు కింద, సున్నం కొట్టిన సమాధి. దాని పక్కన తెల్లచీర. తల మెల్లగా ఇటు తిరిగింది...

సువార్తమ్మగారు. బతికున్న సువార్తమ్మగారే.

ఆవిడ సత్యానందం మేష్టారి భార్య. మాకు ఎక్కాలు నేర్పిన మేష్టారాయన. ఆ ఇల్లు వాళ్ళదే, ఆ సమాధి ఆయనదే. ఇల్లు పోయాక ఆవిడ కూతురు శారోన్ ఇంట్లో ఉంటున్నారు. అందరూ పడుకున్నాక లేచి వస్తున్నారన్నమాట. పీకిన హద్దురాయి ఆవిడ పక్కనే ఉంది.

"మీరా అమ్మా! ఇక్కడేం చేస్తున్నారు?"

"జవాబు చెప్పడం నేర్చుకుంటున్నానండీ. ఆఫీసర్లని చూస్తే నాకు నోరు పెగలదండీ."

"ఆరోజు మీరు ఒప్పుకున్నారు గదమ్మా. నేనే రాసినా."

"ఎక్కడ ఒప్పుకున్నానండీ? మీరడిగేరు... ఆయ్ అన్నాను. చెబుదామనుకునేలోపు పక్కావిణ్ణి పిలిచేరు."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా కోనసీమలో ప్రతి ఆయ్ సరే కాదు. వింటున్నానండీ, మీరు కానివ్వండి, తర్వాత నా మాట చెబుతాను అని కూడా. కర్నూలు కుర్రాడికి అదెలా తెలుస్తుంది? అభ్యంతరం లేదని రాసేశాడు.

నాకు తెలుసు. ఆ విచారణలో నేనూ ఉన్నాను, ఆవిడ వెనక కుర్చీలో. తప్పు రాస్తున్నాడని చూస్తూనే ఊరుకున్నాను. మా చేను ఆ లైన్లో లేదు మరి. సిగ్గుగా ఉంది చెప్పుకోవడానికి.

"ఒక్కసారి మళ్ళీ అడగండి బాబూ," అన్నారావిడ. "ఈసారి సరిగ్గా చెబుతాను."

ప్రవీణ్ కుమార్ చుట్టూ చూశాడు. ఎవరూ లేరు.

"ఏమ్మా... నీకేం అభ్యంతరం లేదు గదా?"

ఆవిడ లేచి నిలబడ్డారు. పైట సర్దుకున్నారు. "ఉందండీ. ఇల్లు తీసేసుకోండి, నేనేమీ అనను. మా ఆయన ఇక్కడున్నారండీ. పోయేముందు అడిగి మరీ ఇక్కడ పెట్టించుకున్నారు. ఆయన మీద నుంచి లారీలు పోకూడదండీ."

ఒక్క చోట కూడా తడబడలేదు.

"రాసుకున్నారాండీ?"

చెప్పాలనుకున్నాడు. అభ్యంతరాల గడువు ఎప్పుడో అయిపోయిందని, గెజిట్‌లో కూడా వచ్చేసిందని, పొద్దున్న ఏడింటికి పడగొట్టే మిషను వస్తుందని... అవన్నీ నాలుక దాకా వచ్చాయట. రెండేళ్ళుగా మా మధ్య ఉన్నాడు కదా, నోట్లోంచి ఒక్కటే వచ్చింది.

"ఆయ్."

ఆవిడ ఆ లైటులో అతని మొహంలోకి చాలాసేపు చూశారు.

"బాబూ... ఆ ఆయ్... రాసుకున్నట్టా, విన్నట్టా?"

ఇక్కడికి వచ్చేసరికి ప్రవీణ్ కుమార్ ఆగిపోయాడు. నువ్వేం చెప్పావయ్యా అని అడిగాను.

"హద్దురాయి పాతి వచ్చేసినా సార్," అన్నాడు.