ఆకుకన్ను చెప్పిన జాడ

నూకరత్నం పెరట్లో అంట్లు తోముతుండగా ఆకుకన్ను వచ్చి నెత్తిమీద నిలబడింది. చూడ్డానికి కొబ్బరిచిప్పంత ఎగిరే యంత్రం, గొంతు మాత్రం పెళ్ళిపెద్ద గొంతు. మెట్ట ఊళ్ళన్నిటా కర్రపెండలం మొక్కల్ని ఆకు ఆకునా చూసిపోవడం దాని పని. అది వచ్చాక రైతులు ఆకు తిప్పి చూడటం కూడా మరిచిపోయారు.

"గౌరవనీయులైన గృహస్థులకు విన్నపం. మీ మొక్కలకు మొజాయిక్ తెగులు సోకింది. ఆకుల మీద పసుపు మచ్చలు, ముడతలు ఉన్నాయి."

"ఆ మాత్రం నాకూ కనిపిస్తోందిలే," అంది నూకరత్నం.

అంతటితో పోతే అది ఆకుకన్ను ఎందుకవుతుంది? కర్రపెండలానికి గింజ నాటరు, కాండం ముక్కే నాటుతారు. ఈ వైరస్ తెల్లదోమతో కొంత, ఆ కర్రతో మరింత పాకుతుంది. అందుకని ఏ మొక్క ఏ చేని కర్రో కణం చదివి చెప్పే 'వంశజాడ' విద్య కూడా దానికి నేర్పారు. తెగులు లేని కర్రలిచ్చే సర్కారు శుద్ధిశాలలోనే కర్రలు తీసుకోవాలి. చాటుగా ఇచ్చినవాళ్ళ చేను దున్నించేస్తారు, దొంగలు ఎత్తుకెళ్ళి పోగొట్టుకున్నవాళ్ళనైతే ఏమీ అనరు. ఈ చట్టం రాసిన పెద్దమనుషులు ఏనాడూ పెరటిగోడ దగ్గర నిలబడినట్టు లేదు.

"ఈ కర్ర పక్కింటి అన్నవరంగారి చేనిది," అని వీధంతా వినబడేలా చాటి, ఘనకార్యం చేసినట్టు పచ్చదీపం వెలిగించుకుని ఎగిరిపోయింది.

నూకరత్నం తోముతున్న గిన్నె వదిలేసి గోడవైపు చూసింది.

అన్నవరం ఆమె మరిది. ఎవరి పెళ్ళిలోనో తమ్ముణ్ణి మొదటి పంక్తిలో కూర్చోబెట్టి, తనను రెండో పంక్తికి ఆపారని ఆమె మొగుడు సూరిబాబు అలిగాడు. పప్పన్నం దగ్గర పుట్టిన ఆ పగతో అన్నదమ్ములకు మాటలు పోయాయి. అన్న ఇంటికి గరిటెడు కూర వెళ్ళినా పెళ్ళాన్ని పుట్టింటికి పంపేస్తానని అన్నవరం పదిమందిలో ఒట్టేశాడు. ఆ పెళ్ళాం సత్యవేణికి మాత్రం తోటికోడలితో మాట్లాడందే పొద్దుపోదు. మొగుళ్ళు చేలకు వెళ్ళగానే ఇద్దరూ గోడకు చెరోవైపు చేరేవాళ్ళు. పోయిన నాట్లప్పుడు నూకరత్నం కర్రలు ఎండిపోతే, ఒక కట్ట గోడ మీంచి అందించింది సత్యవేణే.

ఆ చాటింపు విని మగాళ్ళిద్దరూ గోడకు చెరోవైపు తయారయ్యారు.

"మన కర్ర ఆ పెరట్లోకి దానంతటదే నడిచెళ్ళిందా ఏంటే? ఇచ్చావా లేదా, చెప్పవే!" అన్నవరం అరుస్తున్నాడు. సత్యవేణి ఓ అడుగు వెనక్కి వేసింది.

"దాన్నెందుకు అడుగుతావు మరిదీ?" నూకరత్నం గొంతెత్తింది. "అదేం ఇవ్వలేదు. నేనే దొంగిలించాను."

సూరిబాబు ముఖం వెలిగిపోయింది. "మా ఆడదాని చేతివాటం ముందు కొందరి కంచెలు ఏ మూలకి!" అని గోడతో చెప్పాడు. అడిగి తెచ్చుకుందంటే గొంతు పిసికేవాడు, దొంగతనమనేసరికి మీసం దువ్వాడు.

"దొంగసొత్తు కాబట్టే తెగులొచ్చింది!" అన్నవరం తొడ కొట్టాడు. ఆ తెగులు తన చేలోదేనని, ఆకుకన్ను రేపు అక్కడే వాలుతుందని ఆ బుర్రకు తట్టలేదు. "చూస్తావేంటే? తిట్టు దాన్ని!"

"దొంగ... దొంగమొహమా," అని నసిగింది సత్యవేణి. ఇంకా గట్టిగా అన్నట్టు నూకరత్నం కళ్ళతోనే సైగ చేసింది. ఈసారి గట్టిగానే తిట్టింది.

దొంగతనమంటే ఎవరి చేనూ దున్నరు కాబట్టి ఈ ఉపాయం ఊరూరా పాకింది. కర్ర ఎక్కడిదో తెలిసిన యంత్రానికి, అది ఒకరిచ్చిందో, ఎత్తుకొచ్చిందో తెలియదు. ఆ ఏడు మెట్టలో ఆడవాళ్ళందరూ దొంగలయ్యారు. శుద్ధిశాల మేధావులు తలలు పట్టుకుని, దొంగల్ని కనిపెట్టే మరో కన్ను తయారుచేసే పనిలో పడ్డారు.

సత్యవేణి రోజూ పొద్దున్నే మొగుడు వినేలా తిట్టేది. నూకరత్నం లోపల నవ్వుకునేది. పోనుపోను తిట్లకు పదును వచ్చింది. గోడ దగ్గర కబుర్లు తగ్గాయి.

ఒక మధ్యాహ్నం మగాళ్ళు చేలల్లో ఉన్నారు. వీధిలోనూ ఎవరూ లేరు. పలకరిద్దామని నూకరత్నం గోడ దగ్గరికి వెళ్ళింది. అటువైపు సత్యవేణి తలెత్తి చూసింది. గోడ మీద ఆరేసిన చీరను తడి ఆరకుండానే చుట్టి తీసుకుని లోపలికి వెళ్ళి, గడియ పెట్టుకుంది.