ప్రివ్యూ రాత్రి మూల సీటు

ఆ హాల్లో బాల్కనీ ఆఖరి వరస మూల సీటుకి టికెట్ అమ్మరు. అమ్మినా కొనే ధైర్యం ఎవరికీ లేదు. వెనకటికి ఒక విమర్శకుడు అందులో కూర్చుని, ఏదో గొప్ప సినిమా చూస్తూ చూస్తూనే ప్రాణం వదిలాడట. లైట్లు వేసేదాకా ఎవరికీ అనుమానమే రాలేదు — మిగతా ప్రేక్షకులు కూడా అలాగే ఉన్నారు మరి!

అక్కడివన్నీ మడత సీట్లు. మనిషి కూర్చుంటే వాలతాయి, లేవగానే టప్పున పైకి లేస్తాయి. ఆ మూల సీటు మాత్రం కొన్ని రాత్రులు ఎవరూ లేకుండానే వాలి ఉంటుందని చెప్పుకుంటారు. ఊడ్చే ఆవిడ కూడా ఆ వరస జోలికి పోదు.

ఈ కథలన్నీ మేనేజరుకి తెలుసు. కానీ ఆ రాత్రి అతను భయపడుతున్నది దెయ్యానికి కాదు, యజమానమ్మకి.

అది పెద్ద హీరోల సినిమాలు ఆడే హాలు కాదు. మిగతా హాళ్లు తలుపు తీయని సినిమాలు ఇక్కడికొస్తాయి. వసంతం రాగానే కొత్తవి వరసగా విడుదల చేస్తారు. ఏది మొదట వేయాలో తేల్చేది మేనేజరే. ఆఖరి ఆట అయ్యాక తలుపులు మూయించి, కింద హాల్లో ఒక్కడే కూర్చుని అన్నీ చూస్తాడు. ప్రివ్యూకి పక్కన ఇంకెవరూ ఉండకూడదని అక్కడి నియమం. ఒకరి మొహం చూసి ఇంకొకరు మెచ్చుకోకూడదని!

నియమం బాగానే ఉంది. మేనేజరే, ఎవరి మొహమూ చూడకపోయినా అన్నిటినీ మెచ్చుకునేవాడు. ఏ సినిమాకైనా అతనిది ఒకటే మాట — "లోతుంది." కొంచెం అర్థమైతే కొంచెం లోతుంది, బొత్తిగా అర్థం కాకపోతే చాలా లోతుంది. "బాగోలేదు" అన్న మాట అతని నోట ఎన్నడూ రాలేదు. అలా అంటే తనకి తెలివి లేదని ఎక్కడ బయటపడుతుందోనని బెంగ.

పోయిన వసంతం ఆ లోతులోనే హాలు నిండా మునిగింది. యజమానమ్మ పిలిపించి, కళ్లజోడు తుడుచుకుంటూ నెమ్మదిగా చెప్పింది.

"చూడు నాయనా, ఈసారి మొదటి సినిమాకి జనం రాకపోతే హాలు ఫర్నిచర్ షాపుకి ఇచ్చేస్తాను. సోఫాల మీదైనా ఎవరో ఒకరు కూర్చుంటారు."

అంటే తన ఉద్యోగం పోయినట్టే. ప్రొజెక్టర్ నడిపే బావమరిది ఉద్యోగమూ పోయినట్టే. ఒకే ఇంట్లో రెండు జీతాలు ఆగిపోతే భార్యకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

"పోస్టర్లు పొద్దున్నే ప్రింటుకి వెళ్లాలి బావా," అన్నాడు బావమరిది, బాల్కనీ వెనక గదిలోంచి ఫోన్ చేసి.

"తెలుసులేరా. వెయ్యి."

ఆ రాత్రి చూసిన మొదటి సినిమా, ఒక అత్తా కోడలూ కలిసి కారు నడపడం నేర్చుకునే కథ. మేనేజరు ఒళ్లు మరిచి పకపకా నవ్వాడు. అత్తగారు కారుని తిన్నగా వియ్యంకుడి ప్రహరీగోడలోకి పోనిచ్చినప్పుడైతే కళ్లనీళ్లొచ్చేశాయి. అంతలో తమాయించుకుని, ఎవరూ చూడలేదు కదా అని చుట్టూ చూశాడు. "మరీ ఇంత అర్థమైపోతే ఎలా?" అని దాన్ని పక్కన పెట్టేశాడు.

రెండోది బహుమతులు కొట్టిన సినిమా. దాని దర్శకుడు పదేపదే ఫోన్ చేసి, మొదట తనదే వేయాలని చెప్పాడు. అందులో ఒకాయన కిటికీ దగ్గర నిలబడి వాన కోసం ఎదురుచూస్తుంటాడు. వాన రాదు. ఇంటర్వెల్ కూడా రాదు.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "లోతుం..."

అప్పుడు వినిపించింది.

వెనకనుంచి... పైనుంచి... ఎవరో పీక నొక్కుతున్నట్టు, సన్నగా మొదలై, బరువుగా సాగి... ఆగిపోయింది. మళ్లీ మొదలైంది.

తెర మీద మనిషి కిటికీ వదల్లేదు. మేనేజరు ఒంట్లో మాత్రం రక్తం గడ్డకట్టింది. ఫోన్ తీశాడు.

"ఒరేయ్... ఆ చప్పుడు నీ మిషన్‌దేనా?" అని గుసగుసగా అడిగాడు.

"మిషన్ కాదు బావా... గోడ అవతలనుంచి వస్తోంది. నేను గడియ పెట్టేసుకున్నా."

"మరి నా సంగతేంట్రా?"

"అక్కకి నేను చెప్తాలే బావా."

పారిపోదామనే అనుకున్నాడు. కానీ ఈ సంగతి బయటికి పొక్కితే మొదటి సినిమాకి ఈగ కూడా రాదు. సోఫాలు గుర్తొచ్చాయి. ఫోన్ లైటు వేసుకుని, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టే ఎక్కాడు...

ఆఖరి వరస. మూల సీటు పక్కన... నల్లటి శాలువా. మొహం మీదికి పడ్డ జుట్టు. ఒక పక్కకి వేలాడుతున్న తల.

"ఎ... ఎవరది?"

తల మెల్లగా లేచింది. కళ్లు తెరుచుకున్నాయి.

దర్శకుడు!

ఆఖరి ఆట జనంలో కలిసి వచ్చి, బయటికి పోకుండా అక్కడే నక్కాడట — తన సినిమా చూస్తూ మేనేజరు ఎంత చలించిపోతాడో కళ్లారా చూద్దామని. చూడకుండానే గురక పెట్టేశాడు.

"ఎక్కడిదాకా వచ్చింది?" అన్నాడు పెదవి తుడుచుకుంటూ.

"కిటికీ దగ్గరే ఉన్నాడండీ," అన్నాడు మేనేజరు. పోయిన ప్రాణం లేచొచ్చింది, వెంటే ఒళ్లు మండింది. "మీ సినిమాకి మీరే నిద్రపోతే ఎలాగండీ?"

"నిద్ర కాదు, ధ్యానం. అయినా నేను కాస్త కన్ను మూస్తే ఏమైంది? ఈ పెద్దాయన మొదట్నుంచీ కదలకుండా చూస్తున్నారుగా. మధ్యమధ్యలో ఎంత బరువుగా నిట్టూర్చారనుకున్నారు! మీవాళ్లేనా?"

మేనేజరు లైటు పక్కకి తిప్పాడు.

మూల సీట్లో ఎవరూ లేరు.

కానీ సీటు... వాలి ఉంది.

దర్శకుడు అటు చూడనే లేదు. శాలువా సర్దుకుంటున్నాడు. "మొదటి సినిమా నాదేగా?"

"లో..." అలవాటు మాట నాలిక చివరిదాకా వచ్చింది. భార్య మొహం కళ్లముందు మెదిలింది. గడియ పెట్టుకుని కూర్చున్న ఆ పిరికి వెధవ కూడా గుర్తొచ్చాడు. మేనేజరు కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"బాగోలేదండీ. మొదటిది వేస్తాను, అత్తా కోడళ్లది. ఇది వేయను."

"మీకు అర్థం కాలేదు!"

"అవునండీ, అర్థం కాలేదు," అన్నాడు మేనేజరు. చెప్పాక ఎందుకో గుండె తేలికపడింది.

దర్శకుడు విసురుగా మెట్లు దిగి వెళ్లిపోయాడు. తెర మీద ఇంకా వాన రాలేదు. ఆ నిశ్శబ్దంలో, మేనేజరు మోచేతి పక్కనే, చాలా దగ్గరగా...

"హమ్మయ్య..." అన్నారెవరో.

సీటు టప్పున పైకి లేచింది.