మన ఊరి బూత్‌లో ఒక్క ఓటు

సుబ్బలక్ష్మమ్మ పొయ్యి దగ్గర కారం దోసె తిప్పుతుండగా వాకిట్లో కారు ఆగింది. దిగింది మధులత. పదమూడేళ్ల క్రితం ఈ గడప దాటినప్పుడు ఊరి కంటికి ఆమె ఈ ఇంటి పెద్దకొడుకు. ఇప్పుడు చీర కట్టుకుని, ఎమ్మెల్యేగా గెలిచి వచ్చిన కూతురు. "నల్లది, పైగా హిజ్రా, దానికెవరు ఓటేస్తారు" అని మంగంపేట దాకా నవ్వినవాళ్లే మొన్న దండలు మోసుకెళ్లారు. బెల్లం ఉన్నచోటే కదా ఈగలు!

అరుగు మీద కూర్చున్న తండ్రి ఓబుళేశు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని మొహం తిప్పుకున్నాడు. మధులత నేరుగా వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చుంది.

"అమ్మా, మన ఊరి బూత్‌లో నాకు పడింది ఒకే ఒక ఓటు. లెక్క చూసినోళ్లు నవ్వినారు. నేను ఏడ్సినా. మాయమ్మ ఉండాదిలే అనుకున్యా. అది నీదే కదమ్మా?"

సుబ్బలక్ష్మమ్మ చెయ్యి ఆగిపోయింది. చిన్నకొడుకు భూపేష్ ఉద్యోగం ముగ్గురాయి గనిలో. ఆ గని యజమానే మధులత మీద పోటీ చేశాడు. "మనింట్లో ఓట్లన్నీ ఆయప్పకే" అని ఓబుళేశు మాటిచ్చేశాడు. పెళ్లైన నాటి నుంచి మొగుడు చెప్పిన గుర్తు తప్ప మరొకటి నొక్కి ఎరగదామె. పోలింగ్ రోజు మిషన్ మీద కూతురి ఫొటో కనబడింది. కళ్లు నిండాయి కానీ వేలు మాత్రం రెండు వరసలు కిందికి పోయింది.

అబద్ధమాడదామని చూసింది. నాలుక తిరగలేదు.

"నాది కాదు తల్లీ. మీ నాయన చెప్పినోనికే ఏసినా. దినామూ నీ కోసరం ఏడ్సి, ఏయాల్సిన పూట ఏయలేకపోతి. నన్ను తిట్టు."

మధులత తలొంచుకుంది. "పోనీలేమ్మా," అంది. "మరి ఎవురిదది?"

"నాది."

గుమ్మంలో ఓబుళేశు నిలబడి ఉన్నాడు.

"ఏందయ్యా!" సుబ్బలక్ష్మమ్మ లేచింది. "మా చేతులు కట్టేసి నువ్వు ఏసినావా?"

"బిడ్డ ఫొటో చూసినా. నా నలుపే, నా ముక్కే. చెయ్యి ఇంకోదాని మీదికి పోలే." గుమ్మం పట్టుకుని కూలబడ్డాడు. "మురిసిపోవాకు పాపా. మిషన్ కాడ అట్ట చాటున ఎవురూ చూడరని ఏసినా. నలుగుర్లో నా కూతురని చెప్పింటే మీయమ్మన్నా ఏసుండేది. పదమూడేండ్లు ఆ ఒక్క మాట అనలేకపోతి."

బయట జనం గుమిగూడారు. "ఎమ్మెల్యే గారు ఉండారా ఓబుళేశన్నా?" అని ఎవరో కేకేశారు.

ఓబుళేశు లేచి వాకిట్లోకి వెళ్లాడు. "నా కూతురు దోసె తింటాంది. కాసేపు కూచోండప్పా!" అతని గొంతు వీధి చివరిదాకా వినబడింది.

మధులత కొంగుతో కళ్లొత్తుకుంది. సుబ్బలక్ష్మమ్మ మాత్రం తలెత్తలేదు. మొగుడు ఊరికి భయపడ్డాడు. తను భయపడింది మొగుడికి. ఆయన వాకిట్లోకి వెళ్లి తప్పు దిద్దుకున్నాడు. తనకు మళ్లీ ఐదేళ్ల దాకా ఆ వీలు లేదు.

"వచ్చేసారికి బతికుంటే నీకే ఏస్తా తల్లీ."

"బతికుండమ్మా," అంది మధులత, తల్లి చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని. "ఓటు మాట తర్వాత."