హెల్సింకి నుంచి స్టాక్‌హోమ్‌కి ముప్పావు గంట

హెల్సింకి నుంచి స్టాక్‌హోమ్ నాలుగు వందల కిలోమీటర్లు. గాల్లో ఉండేది ముప్పావు గంట. ఆ దారులు గీసి పైలట్ల చేతికిచ్చే ఘనుణ్ణి నేనే. అయినా స్టాక్‌హోమ్‌లో ఉన్న, నేను ప్రేమించిన సిగ్రిడ్‌ని కలవడానికి మూడుసార్లు వెళ్ళి మూడుసార్లూ ఆలస్యంగానే చేరాను.

"ఓస్మో, విమానాలకి దారి చూపించేది నువ్వేనా?" ఫోన్లో అడిగింది సిగ్రిడ్.

"అవును."

"పాపం ప్రయాణికులు!"

నవ్వాను. తను నవ్వలేదు.

"ఈ ఆదివారం నేనే వస్తాను. మీ అమ్మగారిని చూస్తాను. చెప్పిన టైముకి నువ్వు గుమ్మంలో లేకపోతే తర్వాతి విమానంలో వెనక్కి వెళ్ళిపోతాను. ఇక నాకు ఫోన్ కూడా చెయ్యకు."

జనవరి మంచులో నాకు చెమటలు పట్టాయి. డ్యూటీ ఎక్కేముందు ఆఫీసులో కూర్చునే వెంటనే మెసేజ్ పెట్టాను: 'ఆదివారం ఐదింటికి, అమ్మ ఇంట్లో.'

ఆదివారం డ్యూటీ దిగి, పూలు పట్టుకుని, ఈల వేస్తూ లాకర్ తెరిచాను. డ్యూటీలో ఫోన్లు అందులోనే ఉండాలి.

సిగ్రిడ్ నుంచి వరసగా మిస్డ్ కాల్స్. చివర ఒక మెసేజ్: 'ఏడింటి విమానానికి వెళ్తున్నాను.'

గోడ గడియారం వైపు చూశాను. నాలుగున్నర. దాని కింద 'గ్రీన్‌విచ్ టైము' అని రాసి ఉంది; మా పనిలో అందరూ వాడేది అదే. ప్రపంచంలో ఏ ప్రియుడూ ప్రియురాలిని గ్రీన్‌విచ్ టైములో భోజనానికి పిలవడు. నేను పిలిచాను. నా ఐదంటే మా ఊళ్ళో ఏడు! అంటే ఇప్పుడు ఆరున్నర.

ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. మా ఆఫీసు విమానాశ్రయంలోనే, పరుగెత్తాను. గేటు దగ్గరికి చేరేసరికి తలుపు మూసేశారు. అద్దంలోంచి చూస్తుండగానే విమానం లేచింది. దానికి దారి గీసింది నేనే. పైగా ఎదురుగాలి తప్పించి, ఐదు నిమిషాలు ముందే చేరేలా గీశాను.

కాళ్ళీడ్చుకుంటూ అమ్మ ఇంటికెళ్ళాను. పెరట్లో ఆవిరిగది పొగగొట్టం గుప్పుగుప్పుమంటోంది. మెట్లమీద మంచులో తువ్వాళ్ళు చుట్టుకుని ఇద్దరు ఆడవాళ్ళు. ఒకరు అమ్మ. రెండోది, బీట్‌రూట్ ముఖంతో, సిగ్రిడ్!

"రారా గ్రీన్‌విచ్ దొరా!" అంది అమ్మ. "నాకేమో ఏడన్నావు, పిల్లకి ఐదన్నావు. రెండు గంటల తేడా చూడగానే నీ ఆఫీసు గడియారమని అర్థమైంది. తలకి తువ్వాలుతో తలుపు తీశాన్రా! పరువు పోయింది. ఇక పిల్లని కూడా ఆవిరికి కూర్చోబెట్టేశాను."

"విమానం..." అంటూ ఆకాశం వైపు వేలు చూపించాను.

"కోపంతో ఫోన్ ఆపేసి లేచాను," అంది సిగ్రిడ్. "మీ అమ్మగారు ఆవిరిగదిలో కాలే రాళ్ళమీద ఇంకో చెంబుడు నీళ్ళు పోసి, 'ఈ ఆవిరి తగ్గేదాకా కూర్చో తల్లీ, వాడి బడిరోజుల కథ ఒకటుంది' అన్నారు. ఒకటా? పరీక్షకి వెళ్ళబోయి సెలవురోజు బడికెళ్ళావట!"

"అమ్మా!"

"దాచి పెళ్ళి చెయ్యమంటావా?" అంది అమ్మ, లోపలికి పోతూ.

పూలు చేతిలోనే గడ్డకట్టేశాయి. అవే అందించాను.

"సిగ్రిడ్, నన్ను పెళ్ళి చేసుకుంటావా? రోజు, టైము నువ్వే చెప్పు. నన్ను నోరు తెరవనివ్వకు."

ఆమె నా మణికట్టు పట్టుకుని, వాచీ విప్పి, తన చేతికి పెట్టుకుంది.

"లోపలికి పద. చలేస్తోంది."